చక్రపాణి చేతి కత్తెర

1962 జూన్ 7న విడుదలైన ఆ సినిమా ఎన్టీ రామారావుకి 100వది, అక్కినేని నాగేశ్వరరావుకి 99వది. నాయికలు సావిత్రి, జమున. ఎస్వీ రంగారావు, రమణారెడ్డి, రాజనాల, హరనాథ్, ఎల్. విజయలక్ష్మి, ఛాయాదేవి సరేసరి. ఇంతమందిని ఒక్కచోట చేర్చి, చివరికి సినిమాకి పెట్టిన పేరు మాత్రం సూర్యకాంతం వేసిన పాత్రది: ‘గుండమ్మ కథ’. ఇద్దరు పెద్ద హీరోలున్న సినిమాకి గయ్యాళి సవతితల్లి పేరు పెడతామంటే ఇవాళ ఏ బయ్యరు దగ్గరా ఆ మాట ముందుకు సాగదు. అప్పుడు సాగింది. కథ సంగతి తేల్చే మనిషీ, డబ్బు సంగతి తేల్చే మనిషీ ఒకరే కావడం వల్ల సాగింది. ఆయనే చక్రపాణి.

ఆ సినిమా గురించి సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. గుండమ్మ గయ్యాళి అని ప్రేక్షకుడికి తెలియాలంటే మొదట్లో నాలుగు సీన్లు పడాలి కదా అని కథాచర్చల్లో ప్రశ్న వచ్చిందట. సూర్యకాంతాన్ని పెట్టుకున్నాక ఇంకా సీన్లెందుకన్నది చక్రపాణి జవాబు. అచ్చంగా అవే మాటలన్నారో లేదో గానీ సినిమా మాత్రం ఆ లెక్కనే నడిచింది. గుండమ్మ తెరమీదకి వచ్చీ రాగానే ఆవిడ ఎవరో జనానికి తెలుసు. ఆ సంగతి మళ్ళీ చెప్పడానికి రీలు ఖర్చుపెట్టలేదు. మిగిలిన రీళ్ళన్నీ సవతి కూతురు లక్ష్మికీ, కన్నకూతురు సరోజకీ, వాళ్ళని కట్టుకోవడానికి వేషం మార్చుకుని వచ్చిన అన్నదమ్ములకీ దక్కాయి.

చక్రపాణి పనితనమంతా దాదాపు ఇందులోనే ఉంది. ఆయన రచయితగా ఏం రాశారన్నదానికంటే, నిర్మాతగా ఏం తీసేయించారన్నదే నాకు ఎక్కువ ఆసక్తి. రాసినవాడికి తన సీను మీద మమకారం ఉంటుంది. డబ్బు పెట్టినవాడికి సీను విలువ తెలియకపోవచ్చు. విలువ తెలిసీ మమకారం లేనివాడు దొరకడం కష్టం. ఆ సినిమా తీసిన విజయా సంస్థకి దొరికాడు.

అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలిలో రైతు కుటుంబంలో పుట్టారు. వయసులో ఉండగానే క్షయ పట్టుకుంది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. మదనపల్లె దగ్గర శానిటోరియంలో గాలి, తిండి, విశ్రాంతి, అంతే. అక్కడ తోటి రోగి ఒకాయన దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. శానిటోరియంలో పొద్దు పోవడమే ఒక సమస్య కాబట్టి ఒక భాష మొత్తం పట్టుబడింది. బయటికొచ్చి శరత్‌చంద్ర నవలల్ని తెలుగులోకి దించడం మొదలుపెట్టారు. ‘దేవదాసు’తో సహా అవి తెలుగు ఇళ్ళలో ఎంతగా పాతుకుపోయాయంటే, శరత్‌ని తెలుగు రచయితే అనుకున్న పాఠకులు ఒక తరం నిండా ఉన్నారు. అనువాదకుడికి ఇంతకంటే పెద్ద మెప్పు ఏముంటుంది!

సినిమాల్లోకి మాటల రచయితగా వచ్చారు. పి. పుల్లయ్య తీసిన ‘ధర్మపత్ని’ (1941), తర్వాత బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’ (1945). ఈలోగా మద్రాసులో బి.ఎన్. రెడ్డి తమ్ముడు నాగిరెడ్డి నడిపే బి.ఎన్.కె. ప్రెస్సులో అచ్చుపని మీద పరిచయం కుదిరి, అది జీవితాంతపు భాగస్వామ్యం అయింది. ఇద్దరూ కలిసి 1947 జూలైలో పిల్లల పత్రిక ‘చందమామ’ని తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలుపెట్టారు. 1950కల్లా విజయా పేరు మీద సినిమాలు తీయడం మొదలైంది. టైటిల్స్‌లో ‘నాగిరెడ్డి–చక్రపాణి’ అని కలిపి పడేసరికి ఆ రెండు పేర్లూ ఒకే మనిషివనుకున్న ప్రేక్షకులు కూడా ఉన్నారు. నాగిరెడ్డి స్టూడియో, బ్యాంకు, డిస్ట్రిబ్యూటర్లు చూసుకునేవారు. చక్రపాణి కథ చూసుకునేవారు. కథ చూసుకోవడమంటే రాయడం ఒక్కటే కాదు. ఎవరు రాయాలి, ఎవరు తీయాలి, ఎవరు వేయాలి, ఎక్కడ ఆపాలి అన్నవన్నీ అందులోకే వస్తాయి.

చందమామను కాసేపు పక్కన పెట్టుకుంటేనే ఆయన సినిమాలు అర్థమవుతాయని నా అభిప్రాయం. ఆ పత్రికలో కథకి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. చదవడం అప్పుడప్పుడే వచ్చిన పిల్లాడికి అర్థమవాలి. వాక్యం పొట్టిగా ఉండాలి. వర్ణన కోసం కథ ఆగకూడదు. నీతి ఉంటే కథలోనే కలిసిపోవాలి, చివర్న విడిగా అంటించకూడదు. రచయిత ఎంత పేరున్నవాడైనా చందమామ తెలుగులోకి దిగి రావాల్సిందే. 1952 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు కొడవటిగంటి కుటుంబరావు అంతటి వాడు పేరు వేసుకోకుండా ఆ పత్రిక బాధ్యత మోశాడంటే, ఆ కట్టుబాట్లకి ఎంత బలం ఉండేదో చూడండి. అదే సంపాదకుడి చెయ్యి విజయా స్క్రిప్టుల మీదా ఆడింది.

మొదటి సినిమా ‘షావుకారు’ (1950). కథ, మాటలు చక్రపాణివే. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. పక్కపక్క ఇళ్ళ రెండు కుటుంబాలు, మాట పట్టింపు, పంతం, కోర్టు. అంతే కథ. ఒక పల్లెటూళ్ళో నిజంగా జరిగేదే. గోవిందరాజుల సుబ్బారావు వేసిన వడ్డీ వ్యాపారి చెంగయ్యని చూస్తే ఈయన మా ఊళ్ళో ఉన్నాడే అనిపిస్తుంది. ఆ సినిమాతో పరిచయమైన జానకి పేరుకి ‘షావుకారు’ ఇంటిపేరులా అతుక్కుపోయింది. మంచి సినిమా అని అందరూ అన్నారు, డబ్బు మాత్రం అనుకున్నంత రాలేదు. ఆ దెబ్బ నుంచి చక్రపాణి ఏం నేర్చుకున్నారో తర్వాతి సినిమాలు చెబుతాయి. వాస్తవాన్ని వదల్లేదు, గంభీరతని వదిలారు. అదే గొడవలు, అదే పట్టింపులు, అదే అప్పులు. వాటినే నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టారు.

శరత్ కన్నీళ్ళని తెలుగువాళ్ళకి పంచిపెట్టిన మనిషి తన సొంత సంస్థలో ఒక్క ఏడుపు సినిమా తీయకపోవడం విచిత్రమే. ‘దేవదాసు’ని 1953లో వినోదా వాళ్ళు తీశారు. ఆ సినిమాతో విషాద నాయకుడిగా ముద్రపడ్డ నాగేశ్వరరావు, ఆ ముద్ర చెరుపుకోవడానికి వచ్చి విజయా వారి సినిమాలో చిన్న హాస్యపాత్ర వేశాడు. ఆ సినిమా ‘మిస్సమ్మ’ (1955). ఈ పద్ధతి మొత్తాన్ని విప్పి చూడడానికి అంతకంటే మంచి సినిమా లేదు.

‘మిస్సమ్మ’ మూలం బెంగాలీది. రవీంద్రనాథ్ మైత్ర నాటకం ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ ఒకటి, శరదిందు బందోపాధ్యాయ ‘డిటెక్టివ్’ కథ ఒకటి. ఈ రెంటినీ కలిపారు. అప్పాపురం జమీందారు గోపాలం, చిన్నప్పుడు తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి పేరున బడి నడుపుతుంటాడు. దానికి బి.ఎ. చదివిన భార్యాభర్తలే టీచర్లుగా కావాలంటాడు. మద్రాసులో ఉద్యోగం లేని ఎం.టి. రావు, ఉద్యోగం లేని మేరీ. రావుకి బతుకు గడవాలి, మేరీకి అప్పులాడి డేవిడ్ పీడ వదలాలి. అప్పు కట్టకపోతే పెళ్ళి చేసుకోమంటాడు డేవిడ్. ఇద్దరూ భార్యాభర్తలమని అబద్ధం చెప్పి ఆ ఊరెళ్తారు.

ఇక్కడ పనితనం చూడండి. అబద్ధం మొదట్లోనే, ఒకే ఒక్కటి. ఆ తర్వాత రచయిత కొత్తగా ఏ చిక్కూ తెచ్చి పెట్టనక్కర్లేదు. ఆ అబద్ధమే పిల్లలు పెడుతుంది. మొగుడూపెళ్ళాలు కాబట్టి ఒకే ఇల్లు ఇస్తారు. మేరీ క్రిస్టియన్ కాబట్టి ఆ ఇంట్లో ఆచారాలన్నీ ఆమెకి పరీక్షలే. జమీందారు దంపతులు ఆమెను సొంత కూతురిలా చూసుకోవడం మొదలుపెడితే ఆ ఆప్యాయత కూడా చిరాకే. వాళ్ళ రెండో కూతురు సీత ఆటాపాటా నేర్చుకునే వంకతో రావు చుట్టూ తిరుగుతుంటే మేరీకి ఒళ్ళు మండుతుంది. మండడానికి హక్కు లేదు, ఎందుకంటే ఆయన ఆమె మొగుడు కాదు. మండకుండా ఉండడానికీ వీల్లేదు, ఎందుకంటే ఊరి దృష్టిలో ఆయన ఆమె మొగుడే. ఒక్క విలన్ లేడు. డేవిడ్ కూడా రమణారెడ్డి కాబట్టి భయపెట్టలేడు. గోడదూకే దొంగలు, కత్తులు, శాపనార్థాలు ఏవీ లేవు. అయినా కుర్చీలోంచి లేవబుద్ధి కాదు.

భుజం మీద డిటెక్టివ్‌నన్న బరువు మోసుకుంటూ తిరిగే జమీందారు మేనల్లుడు రాజు ఇంకో తమాషా. మహాలక్ష్మి కాలిమీద పుట్టుమచ్చ ఉంటుందని తెలిసి ఆడవాళ్ళ పాదాల వైపు చూస్తూ తిరుగుతాడు. నిజం బయటపెట్టే పని సినిమాలో అందరికంటే తెలివితక్కువగా కనిపించే మనిషికి అప్పజెప్పడం మామూలు రచయితకి తట్టే ఆలోచన కాదు. అసలు సంగతి ముందే తెలిసిపోయినా ఫరవాలేదు, రాజు దాన్ని ఎలా పట్టుకుంటాడన్నదే సరదా.

మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావువి. డబ్బుని ‘తైలం’ అనిపించిన మనిషి ఆయన. అయితే ఆ చమత్కారాలు తీసేసినా సినిమా నిలబడుతుంది, అదే గమనించాల్సింది. విజయా వారు తెలుగు, తమిళాలు రెంటిలోనూ తీసేవారు. తమిళంలో ‘మిస్సియమ్మ’గా జెమినీ గణేశన్‌తో, తర్వాత ఏవీఎం వాళ్ళు హిందీలో ‘మిస్ మేరీ’ (1957)గా మీనాకుమారితో ఇదే కథ నడిచింది. మాట మీద ఆధారపడ్డ హాస్యం సరిహద్దు దాటదు. పరిస్థితిలో ఉన్న హాస్యం దాటుతుంది. రెండు భాషల్లో తీయాల్సిన నిర్మాతకి ఇది డబ్బు లెక్క, రచయితకి ఇది కథ లెక్క. చక్రపాణికి రెండూ ఒకటే లెక్క.

పాటల సంగతి కూడా ఇంతే. మేరీ, రావు మనసు విప్పి మాట్లాడుకోలేరు. మాట్లాడుకుంటే కథ అయిపోతుంది. అందుకని వెన్నెల్లో చందమామకి ఫిర్యాదు చేస్తారు, ఒకరి మీద ఒకరు, ఒకరికొకరు వినపడేలా. సాలూరి రాజేశ్వరరావు బాణీ, ఏ.ఎం. రాజా, పి. లీల గొంతులు, మార్కస్ బార్ట్లే కెమెరా. ‘విజయా వారి వెన్నెల’ అని జనం నోట పడిపోయిన వెలుగు అది. స్టూడియో లోపల లైట్లతో వేసిన వెన్నెలే, కానీ అందమొకటే దాని పని కాదు. ముఖాముఖి మాట్లాడలేని ఇద్దరికి మూడో మనిషిగా నిలబడడం దాని పని. పాట తీసేస్తే కథలో ఒక మెట్టు పోతుంది. ఈ పరీక్షకి నిలబడే పాటలు ఇప్పటి సినిమాల్లో ఎన్నో మీరే లెక్కేసుకోండి.

నిర్మాతగా ఆయన ఎంత మొండివాడో చెప్పే సంగతి కూడా ‘మిస్సమ్మ’దే. మేరీ పాత్రకి మొదట తీసుకున్నది భానుమతిని. కొంత షూటింగ్ కూడా అయింది. వరలక్ష్మీ వ్రతం చేసుకుని ఆమె సెట్‌కి ఆలస్యంగా రావడం దగ్గర మాట పెరిగింది. చక్రపాణి క్షమాపణ అడిగారు, ఆమె చెప్పనన్నారు. తీసిన రీళ్ళు పక్కన పెట్టేశారు. చెల్లెలి పాత్రకి అనుకున్న సావిత్రిని మేరీని చేశారు, సీతగా జమునని తెచ్చారు. ఇద్దరూ ఆత్మాభిమానం ఉన్న మనుషులే. ఆ పంతంలో ఎవరిది న్యాయమని తేల్చడం నా వల్ల కాదు. కానీ అప్పటికే తీసిన ఫిలిం నష్టానికి వెరవకుండా పాత్రలు అటూ ఇటూ మార్చగలిగాడంటే, ఆ మనిషికి స్క్రిప్టు మీద ఎంత నమ్మకమో తెలుస్తుంది. స్టారు వల్ల కథ నిలబడదు, కథ వల్ల స్టారు తయారవుతుందన్న నమ్మకం అది. సావిత్రి విషయంలో ఆ నమ్మకం వమ్ము కాలేదు.

ఆ నమ్మకానికి వెనక ఒక ఏర్పాటు ఉంది. విజయాలో నటులు, రచయితలు, సాంకేతికులు చాలామంది నెల జీతాల మీద ఉండేవారు. మొదట్లో రామారావు కూడా అంతే. రోజూ వచ్చే మనుషులు కాబట్టి కథని నెలల తరబడి నానబెట్టి చర్చించుకునే తీరిక ఉండేది. స్క్రిప్టు పూర్తిగా తయారై, బైండు చేసి చేతికొచ్చాకే సెట్ వేసేవాళ్ళు. దర్శకుడు కె.వి. రెడ్డి అయితే ఇంకో అడుగు ముందుకేసి స్టాప్‌వాచీ పట్టుకుని ప్రతి సీనూ ఎన్ని నిమిషాలు, ఎన్ని అడుగుల ఫిలిం అని ముందే లెక్క కట్టేవారు. తీశాక కత్తిరించడం ఆయన దృష్టిలో దుబారా. ఏది తీయకూడదో కాగితం మీదే తేలిపోవాలి. ‘మాయాబజార్’ (1957)లో పాండవులు ఒక్కరూ తెరమీద కనిపించకపోవడం అలా కాగితం మీద తేలిన నిర్ణయమే. ఆ ఘనత పింగళికీ, కె.వి. రెడ్డికీ చెందుతుంది. చక్రపాణి అక్కడ నిర్మాత మాత్రమే. కానీ పాండవుల్లేకుండా పాండవుల కథ తీస్తానంటే సరేనన్న నిర్మాత.

ఆయన సొంత కథలకి పేర్లు కూడా సామెతల్లోంచి వచ్చాయి. ‘పెళ్ళి చేసి చూడు’ (1952), ‘అప్పు చేసి పప్పు కూడు’ (1959). పోస్టరు చూడగానే సగం కథ ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, తనకి తెలిసిన బాధే కాబట్టి. మొదటిది కట్నం మీద. కట్నం ముట్టలేదని మామ పెళ్ళి చెడగొడతాడు. కొడుకు తండ్రికి ఎదురుతిరిగి ఉపన్యాసం ఇవ్వడు, పిచ్చివాడిలా నటిస్తాడు. ఆ పిచ్చికి వైద్యం చేయడానికి నర్సు వేషంలో వచ్చేది వెళ్ళగొట్టిన కోడలే. కట్నం తప్పు అని సినిమాలో ఎవరో వచ్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. రెండోదాంట్లో సి.ఎస్.ఆర్. వేసిన రావు బహదూర్ రామదాసు అప్పుల మీదే బతుకుతూ దర్జా ఒలకబోస్తాడు. ఆయన్ని తిట్టే పాత్రని పెట్టలేదు. ఆయన దర్జాయే ఆయన్ని అల్లరిపాలు చేస్తుంది.

‘గుండమ్మ కథ’కి వస్తే, దాని మూలం బి. విఠలాచార్య కన్నడంలో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ (1958). మాటలు డి.వి. నరసరాజు, దర్శకత్వం కమలాకర కామేశ్వరరావు, స్క్రీన్‌ప్లే చక్రపాణి. మాయాబజార్‌లో కృష్ణుడై కిరీటం పెట్టుకున్న రామారావు ఇక్కడ పొట్టి నిక్కరు, చొక్కాతో అంజిగాడై పనివాడిగా చేరతాడు. వంటింటి రుబ్బురోలు దగ్గర కూర్చుని లక్ష్మితో కలిసి పిండి రుబ్బుతాడు. తెలుగు సినిమాలో అంతకంటే అందమైన ప్రేమ సన్నివేశాలు నాకు పెద్దగా తెలియవు. ఒకరి చెయ్యి పొత్రం మీద, ఒకరి చెయ్యి పిండి తోయడంలో. ఆ అమ్మాయి జీవితంలో మొదటిసారి ఆమె పనిలో ఒకరు పాలు పంచుకున్నారు. ఇష్టమన్న మాట ఎవరూ అనరు. రుబ్బురోలు తిరుగుతూనే ఉంటుంది.

ఇక గుండమ్మ మారడం. అల్లుడు బుద్ధి చెప్పడం వల్ల ఆవిడ మారదు, కూతురి కన్నీళ్ళకీ కరగదు. కొడుకు పెళ్ళితో ఆ ఇంట్లోకి దిగిన దుర్గమ్మ, అంటే ఛాయాదేవి, గుండమ్మని మించిన గయ్యాళి. పెత్తనం లాక్కుని గుండమ్మనే గదిలో పడేస్తుంది. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ లక్ష్మి ఎలా బతికిందో అప్పుడు తెలిసొస్తుంది. విడిపించడానికి వచ్చేది కూడా లక్ష్మే. నీతి కథలోనే కలిసిపోవాలన్న చందమామ కట్టుబాటు ఇక్కడ అక్షరాలా కనిపిస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఇబ్బంది పెట్టే సంగతులు దాచడం బాగుండదు. ‘మిస్సమ్మ’ చివరికి మేరీ తప్పిపోయిన మహాలక్ష్మే అని తేలుతుంది. అంటే హిందువు రావుకీ క్రిస్టియన్ మేరీకీ పెళ్ళెలా అన్న ప్రశ్న అడగకుండానే మాయమైపోతుంది. వేర్వేరు మతాలవాళ్ళు మతం మారకుండా పెళ్ళాడేందుకు పార్లమెంటు ప్రత్యేక వివాహ చట్టం చేసింది 1954లో, అంటే ఆ సినిమా విడుదలకి ముందటేడు. చట్టం వెళ్ళినంత దూరం కూడా సినిమా వెళ్ళలేదు. పుట్టుమచ్చ దగ్గర ఆగిపోయింది. సరోజ పొగరు అణచడానికి నాగేశ్వరరావు పాత్ర ఆమెని పేదరికంలోకి లాక్కెళ్ళి కూలిపని చేయించే భాగం ఇవాళ చూస్తే నవ్వు రాదు. చక్రపాణి కత్తెర గొడవల్ని కత్తిరించింది, మంచిదే. కొన్నిచోట్ల అసలు ప్రశ్నల్ని కూడా కత్తిరించింది. ఇంట్లో అందరూ కలిసి నవ్వుకోవాలంటే ఇంట్లో ఎవరినీ నొప్పించకూడదు కదా. ఆ లెక్కకి కట్టిన మూల్యం ఇది.

పద్ధతి ఉన్నంత మాత్రాన ప్రతిసారీ ఫలితం రాదని కూడా ఆయనకే అనుభవమైంది. ఎంతో ఖర్చుతో తీసిన ‘చంద్రహారం’ (1954) దెబ్బతింది. ‘గుండమ్మ కథ’నే అదే ఏడాది తమిళంలో ‘మనిదన్ మారవిల్లై’గా, స్వయంగా తానే దర్శకత్వం వహించి తీశారు. కథ అదే, నాయికలూ అదే సావిత్రి, జమున, నాగేశ్వరరావుకి అది 100వ సినిమా. ఆడలేదు. కథని ఇంత బాగా తూకం వేసే మనిషి సెట్ మీద ఎల్.వి. ప్రసాద్ కాలేకపోయాడు. నటుడి చేత సగం మాట మింగించడం, నవ్వొచ్చే చోట ఒక్క క్షణం ఆగడం స్క్రిప్టులో రాసిపెట్టినంత మాత్రాన జరగవు. అన్నీ కాగితం మీద తేలిపోతాయన్న విజయా నమ్మకానికి హద్దు ఎక్కడుందో ఆ సినిమా చూపించింది.

ఆ తర్వాత రోజులు మారాయి. నెల జీతాలు పోయి కాల్‌షీట్లు వచ్చాయి. హీరో డేట్లు ముందు, కథ తర్వాత అయింది. 1965లో తీసిన ‘సి.ఐ.డి.’, 1968లో ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ పాత వైభవాన్ని తేలేదు. 1971లో పింగళి, 1972లో కె.వి. రెడ్డి పోయారు. చక్రపాణి ఇంకో హాస్య కథ తయారు చేసుకున్నారు, ‘శ్రీ రాజేశ్వరీ విలాస్ కాఫీ క్లబ్’. 1975 సెప్టెంబరు 24న ఆయన పోయాక ఆ సినిమా బాపు దర్శకత్వంలో 1976లో వచ్చింది.

బాపు పక్కనెప్పుడూ ఉండే ముళ్ళపూడి వెంకటరమణ కూడా పత్రికలోంచి సినిమాకి వచ్చిన మనిషే. మాటలు రాశారు, నిర్మాతగా చేతులు కాల్చుకున్నారు, మళ్ళీ తీశారు. 1991లో ఈ ఇద్దరూ తీసిన ‘పెళ్ళి పుస్తకం’కి కథ ఇచ్చింది రావి కొండలరావు. విజయా వారి సినిమా పత్రిక ‘విజయచిత్ర’లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. ఆ కథలో ఆయన చేసిన పనల్లా ‘మిస్సమ్మ’లోని చక్రపాణి అబద్ధాన్ని తిరగేయడమే. అక్కడ పెళ్ళికాని ఇద్దరు పెళ్ళయిందని చెప్పి ఉద్యోగంలో చేరారు, ఇక్కడ పెళ్ళయిన ఇద్దరు కాలేదని చెప్పి ఒకే ఆఫీసులో చేరతారు. అక్కడ ఒకే ఇంట్లో దూరంగా ఉండాలి, ఇక్కడ దూరంగా ఉంటూ మొగుడూపెళ్ళాలుగా బతకాలి. విలన్ ఇందులోనూ అక్కర్లేకపోయింది. రాజేంద్రప్రసాద్, దివ్యవాణి ఆ ఒక్క అబద్ధం మీదే సినిమా అంతా నడిపించారు.